చెరుకు ట్రాలీ కట్టి చూసిన బండి

మెకానిక్కులను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసి పెదవి విరిచే మనిషి కనబడితే చాలు, నా చేయి తనంతట తానే బండి తాళం చెవి మీదికి పోతుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బోధన్‌లో మాకొక టర్బో డీజిల్ జీపు ఉండేది. మా ఆయన దాన్ని రెంజల్ నుంచి నిజామాబాద్ దాకా ప్యాసింజర్లతో నడిపేవాడు. పెళ్లిళ్లకూ అదే, ఆసుపత్రికీ అదే, ఆదివారం మా మెథడిస్టు చర్చికి పల్లెల నుంచి ముసలివాళ్లను తేవడానికీ అదే. ఆ ఏడు చెరుకు కోతలు మొదలయ్యే వేళకు దానికి దమ్ము పోయింది. మనుషులు నిండితే కాలువ వంతెన ఎక్కడానికి మూలిగేది. వెనకాల నల్లటి పొగ. నిలబెడితే ఇంజను వణికేది.

బండి కుంటుపడితే నాకెందుకంత గుబులంటే, దుబాయ్ వల్ల. మా వాడలో ఏ ఇంటికి పోయినా గల్ఫ్‌లో ఉన్న మగవాడి ఫోటో గోడకు ఉండేది. మా ఆయన పాస్‌పోర్టు కూడా తయారై బీరువాలో ఉంది. "బండి నడిస్తే ఈడనే ఉంట. నడువకుంటే దుబాయ్ పోత" అని నా మొహం మీదే చెప్పాడు. కాబట్టి ఆ ఇంజను బాగుపడితేనే మనిషి నా కళ్ల ముందు ఉంటాడు. నాకు తెలిసిన మెకానిజం అంతే.

రోగం పంపులో ఉందని అందరూ ఒప్పుకున్నారు. ఇంజనుకు డీజిల్ కొలిచి అందించేది ఆ పంపే. దాన్ని సెట్ చేయించాలి. ఎవరిచేత అన్న దగ్గరే తగువు.

హైదరాబాద్‌లో గ్యారేజీలో పనిచేసే మా తమ్ముడు ఫోన్లోనే బాగుచేయిస్తానన్నాడు. "బావా, సెల్లు ఇంజన్ కాడ పెట్టి రేసు ఇయ్యి. నేను ఇని చెప్త." మా ఆయన నమ్మకంగా సెల్లును ఇంజను మీదికి వంచి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి చెరుకు ట్రాక్టర్ ఒకటి ఊరంతా దద్దరిల్లేలా పోయింది. "ఆ, తెలిసింది. పంపు స్క్రూ జరంత కుడికి తిప్పు" అన్నాడు మావాడు. నేను ఫోన్ గుంజుకున్నాను.

"నువ్వు ఇన్నది మా బండినా, పొయ్యే ట్రాక్టర్నా?"

"అక్కా, నీకు పుట్టుకతోనే అనుమానం."

ఒక కడుపున పుట్టినవాడే, కాదనను. కానీ నాడి పట్టకుండా మందు రాసేవాడిని ఎట్లా నమ్మేది?

రెండో దారి మా ఆయనది. స్పానర్ తీసుకుని తనే తిప్పేస్తానన్నాడు. ఆ స్క్రూకు కంపెనీవాళ్లు తీగ చుట్టి సీసపు సీలు వేసి ఉంచుతారు. సీలు కోసి డీజిల్ పెంచితే బండి పులిలా గుంజుతుందని స్టాండులో డ్రైవర్లందరూ చెప్పేవారు. అట్లా పెంచినవాళ్ల బండ్లలో ఇంజనుకు గాలి ఊదే టర్బోలు వేడికి మాడిపోయిన సంగతి మాత్రం మనం అడిగితే తప్ప చెప్పేవారు కాదు.

"గోటితో పొయ్యేదానికి గొడ్డలెందుకే?" అన్నాడు మా ఆయన.

"ఆ గోరు నీదైతే నాకు గొడ్డలే నయం" అన్నాను.

ఇక మిగిలింది నిజామాబాద్‌లో పంపులు చేసే దుకాణం. అక్కడొక మిషన్ ఉంది. పంపును దాని మీద బిగించి తిప్పితే, వరుసగా ఉన్న గాజు గొట్టాల్లోకి డీజిల్ పడుతుంది. దేనిలో ఎక్కువ, దేనిలో తక్కువ అన్నది కంటికి కనబడుతుంది. ఆ ముక్క నాకు నచ్చింది. కానీ ఆ దుకాణంవాళ్లు "పంపు పెట్టి పోండ్రి, సాయంత్రం రాండ్రి" అంటారట. అట్లా పెట్టిపోతే మంచి సామాను తీసి అరిగిపోయింది వేస్తారని మా వైపు ప్రతి ఇంట్లో ఒక కథ ఉంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినాయని మా అవ్వ ఊరికే అనేది కాదు.

నేను గోళ్ల రంగు సీసా పట్టుకుని మా ఆయనతో ఆ దుకాణానికి బయల్దేరాను. పంపు విప్పగానే ప్రతి ముక్క మీదా ఒక ఎర్ర చుక్క పెట్టాలని నా ఎత్తు. మూత తీశానో లేదో, పంపు విప్పుతున్న, గడ్డం నెరిసిన దుకాణం ఉస్తాద్ చేయి అడ్డం పెట్టాడు.

"అమ్మా, గీ లోపలి సామాన్ మీద రంగు పడితే పంపు జామ్ అయితది. నా మీద గంత శక్ ఉంటే స్టూల్ ఏస్కొని ఈడనే కూసో."

కూర్చున్నాను. ఆయన నమాజుకు వెళ్తే కూడా లేవలేదు. మిషన్ తిరిగినప్పుడు ఒక గొట్టం పొంగిపోతోంది, దాని పక్కది అడుగు కూడా తడవడం లేదు. మళ్లీ మళ్లీ విప్పి, బిగించి, చివరికి అన్నీ ఒక్క మట్టానికి తెచ్చాడు. తీసేసిన పాత సామానును మూట కట్టించుకుని మరీ లేచాను. విచిత్రమేమిటంటే, మా ఆయన ఆ రోజంతా నన్ను ఒక్క మాట అనలేదు. మామూలుగా అయితే నాతో వచ్చినందుకు సిగ్గుతో సందు చివర నిలబడేవాడు. ఆ రోజు రెండుసార్లు చాయ్ తెచ్చి చేతికిచ్చాడు.

అయితే బోధన్‌లో గాజు గొట్టాల సాక్ష్యం చెల్లదు. చెరుకు ట్రాలీ కట్టి చూస్తే తప్ప బండి బాగైందని ఎవరూ ఒప్పుకోరు. ఖాళీగా రేసు చేస్తే ఏ ఇంజనైనా అరుస్తుంది, బరువు పడితేనే దాని బతుకు బయటపడుతుంది అంటారు. రుద్రూర్ తోవలో కాలువ కింద భూములున్న ఒక ఆంధ్రా రైతు తన ట్రాలీ ఇస్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే మా ఆయన జీపును కడిగాడు. పెళ్లి కిరాయికి కూడా అంత శుభ్రంగా కడిగేవాడు కాదు.

సగం నింపిన ట్రాలీ నుంచి ట్రాక్టర్ విప్పి, మా జీపు వెనక కొక్కేనికి తగిలించారు. కోతకు వచ్చిన కూలీలు కొడవళ్లు పక్కన పెట్టి తమాషా చూస్తున్నారు. మా ఆయన మెల్లగా క్లచ్ వదిలాడు. ట్రాలీ ముందు కిర్రుమంది, తర్వాత కదిలింది. వంతెన ఎత్తు మొదలైంది, నేను వెనకాలే నడిచాను. టర్బో ఈల సన్నగా మొదలై పెద్దదైంది. పొగ లేదు. చెరుకుతో సహా బండి వంతెన ఎక్కి అవతల ఆగింది. కూలీలు చప్పట్లు కొట్టారు. ఇక దుబాయ్ మాట లేదు అనుకున్నాను. ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ రైతు జీపు చుట్టూ తిరిగాడు. టైర్లు తన్ని చూశాడు, తలుపు వేసి తీసి చూశాడు.

"బ్రహ్మాండంగా లాగుతోందండీ. మాట మాటే. ఈ వారంలోనే కాగితాలు మార్పించుకుందాం" అన్నాడు మా ఆయనతో.

మా ఆయన నా వైపు చూడలేదు. కొక్కెం విప్పే పనిలో పడ్డాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"వీసా ఎప్పుడొచ్చింది?"

"చాన రోజులాయె" అన్నాడు. "మంచిగున్న బండైతేనే కొంటనన్నడు. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే."

అరవాలనుకున్నాను. అందరి ముందూ కాలర్ పట్టుకోవాలనుకున్నాను. ఏదీ చేయలేదు, పోయి ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన వచ్చి బండి తీశాడు. ఆ తోవలో అంతకు ముందెప్పుడూ అది అంత హాయిగా పరుగెత్తలేదు. ఎక్కడా గేరు తగ్గించాల్సిన పని పడలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది ఎక్కడైనా మూలిగి ఆగిపోతే బాగుండునని అనుకుంటూ కూర్చున్నాను. ఇల్లు చాలా తొందరగా వచ్చేసింది.