నూనె నుదుటికి, కట్టు కాలికి

ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. దారిలో ఎక్కడ జారిందో తెలియనే లేదు. "చర్చిలో కానుకేసొచ్చినావా?" అని మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం కుట్టుమిషన్ తొక్కుతుంటే పెడల్ మీద నెత్తురు కనబడింది. చిటికెన వేలి కింద పుండు. నొప్పి మాత్రం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

షుగర్ ఉందని ముందే తెలుసు. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేదాన్ని. మా ముత్తుకూరు నుంచి నెల్లూరు ఆసుపత్రికి వెళితే ఎక్స్‌రే తీసి, న్యూరోపతీ అన్నారు. అంటే కాళ్లకు స్పర్శ పోయింది. ఇన్‌ఫెక్షన్ ఎముక దాకా పోలేదు, డ్రెస్సింగ్ కదపకుండా ఉంటే వేలు దక్కుతుందని డాక్టరుగారు చెప్పారు. ఇన్సులిన్ మొదలైంది.

మా ఇంట్లో ప్రార్థన నూనె సీసా ఒకటుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ అందులో వేలు ముంచి నుదుటికి రాసి ప్రార్థించేది. అమ్మ పోయాక అది నాకొచ్చింది. మా ఆయన క్రిస్మస్ బిరియానీకి తప్ప చర్చి గడప తొక్కరు. సీసా నా చేతిలో చూసి, "నూనె పూసేదానికి నీ కాలేమన్నా దోసె పెనమా?" అన్నారు. ఆయన ఎగతాళి నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు ఏడుపొచ్చింది. నూనెను అన్నట్టు లేదు, మా అమ్మను అన్నట్టుంది.

అప్పటినుంచి దాచి రాశాను. ఆయన డ్యూటీకి పోగానే కట్టు అంచు లేపి, పుండు మీద నాలుగు చుక్కలు వేసి మళ్లీ అంటించేదాన్ని. పది రోజులకు వాసన మొదలైంది.

కట్టు విప్పిన డాక్టరుగారు, దీని మీద ఏం వేశారమ్మా అని అడిగారు. మా ఆయన పక్కనే ఉన్నారు. చెప్పక తప్పలేదు. తిడతారనుకున్నాను.

"ప్రార్థన మానమని నేను చెప్పను. నూనె నుదుటికి రాసుకోండి, కాలు నాకు వదిలేయండి" అన్నారు డాక్టరుగారు.

వేలు మాత్రం దక్కలేదు, తీసేయాలన్నారు. ఆపరేషన్ రోజు పొద్దున మా ఆయన జేబులోంచి ఆ సీసా తీసి, నా నుదుటికి నూనె రాశారు.

"నేను నవ్వకపోయుంటే నువ్వు దాచేదానివి కాదు" అన్నారు. సీసా మూత బిగిస్తూ, "ప్రార్థన నువ్వే చేసుకో, నాకు రాదు" అన్నారు.

నేను చేసుకున్నాను. అయ్యేదాకా ఆయన నా నుదుటి మీంచి చేయి తీయలేదు.

ఇప్పుడు గాయం మానింది. మళ్లీ జాకెట్లు కుడుతున్నాను. చెప్పులకు వెనక పట్టీ వేయించాను. ఆయన ఎగతాళి మానలేదు గానీ, నూనె జోలికి రారు.

షుగర్ ఉన్నవాళ్లకు నా మాట ఒకటే. మన అరికాలు మనకు సరిగ్గా కనబడదు. రోజూ ఇంట్లో ఒకరికి చూపించండి, వాళ్ల దగ్గర ఏదీ దాచకండి. మా ఇంట్లో ఆ పని మా ఆయనదే. సాయంత్రం నా కాళ్లు కడిగి, వేళ్ల మధ్య తడి తుడిచి, టార్చి వేసి చూస్తారు. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి ఆయన ఎప్పుడూ వినలేదు. నేనూ చెప్పలేదు. చెబితే సిగ్గుపడి మానేస్తారేమోనని.