తాత నీళ్ళు

ఠంగ్. కాస్త ఆగి, మళ్ళీ ఠంగ్. చిక్కపేట వెనక అద్దకంవాళ్ళ సందులో ఎవరో రాయి పగలగొడుతున్నారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక తిట్టు. నేను మలుపు తిరిగితే, సమ్మెటతో ఆవులప్ప. పట్టుకు రంగు వేసే మనిషి. మోచేతుల దాకా ఎరుపే. తన రాతితొట్టినే పగలగొడుతున్నాడు.

ఇక్కడి బావినీళ్ళలో సున్నం ఎక్కువ, రంగు మసకబారుతుంది. అందుకే అద్దకానికి వాననీళ్ళే పడతారు. ఆవులప్ప తొట్టిని తాత కాలం నుంచి ఎవరూ పూర్తిగా వంచలేదు. పాత నీళ్ళ మీదే కొత్త వాన. తాత చూసిన మబ్బు ఇంకా అడుగున ఉందని అతని నమ్మకం.

యుద్ధం రోజులవి. వీధివీధినా చలిజ్వరం. కొన్నాళ్ళ కిందట మలేరియా ఇన్‌స్పెక్టరు వచ్చి తొట్టిలో దోమపిల్లలను చూపించాడు. వంచెయ్, లేదా అవి చచ్చేలా నూనె పోస్తానన్నాడు.

"మీ దొర బంగళాలో తామరతొట్టి ఉండాది గదా సామీ, దాన్ని వంచినారా? నూనె పడితే నా పట్టు ఏమైతాది?" ఆవులప్ప గడపకు అడ్డంగా నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వస్తానని బెదిరించి వెళ్ళాడు.

లోపల భార్య రత్నమ్మ వణుకుతోంది. "నీ తాత నీళ్ళకి పూజలు, నా చలికి చింకి దుప్పటి!"

లారీలు బాగుచేసే గురప్ప ఉపాయం చెప్పాడు. "కరెంటు పెట్టప్పా. ఏనుగే చస్తాది, దోమపిల్ల ఎంత?"

ఆవులప్ప రత్నమ్మ పుట్టింటి రాగిబిందెను కోసి రెండు రేకులు చేశాడు. లారీ బ్యాటరీ తీగలు కట్టి తొట్టిలో దించాడు. నీళ్ళు సన్నగా బుసకొట్టాయి. మరునాటికి ఒక్క దోమపిల్ల కదల్లేదు. సందులోవాళ్ళందరినీ పిలిచి చూపించాడు. ఇన్‌స్పెక్టరు వంగి చూసి, తెచ్చిన నూనె డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత పెళ్ళిచీర పట్టును ఆ నీళ్ళతో కలిపిన రంగులో ముంచాడు. కుంకుమలా రావలసింది, ఎండిన నెత్తురులా వచ్చింది. రేకుల రాగి నీళ్ళలోకి దిగిపోయింది. ఎన్నిసార్లు ముంచినా అంతే.

చివరి దెబ్బకు తొట్టి అంచు విరిగింది. పచ్చబడ్డ నీళ్ళు మా కాళ్ళ మధ్య నుంచి మురుగుకాలవలోకి పారాయి. రత్నమ్మ దుప్పటి కప్పుకుని గడపలో నిలబడింది.

ఆవులప్ప సమ్మెట విసిరేసి నా వైపు తిరిగాడు.

"వాళ్ళు వంచింటే, బతికినన్నాళ్ళూ వాళ్ళని తిట్టుకుంటా ఉందును గదప్పా! ఇప్పుడు ఎవుర్ని తిట్టల్ల? పో, ఈడ నిలబడొద్దు."