చప్పట్లు విని పరుగెత్తిన మనిషి

కరోనా మొదటి లాక్‌డౌన్ నాటికి మేము నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. దినపత్రికలో పనిచేసే నేను ఇంటి నుంచే వార్తలు దిద్దుతుండేవాణ్ని. ఊరంతా తలుపులు వేసుకున్న ఆ రోజుల్లోనూ చెత్త తీసుకెళ్లే ఆవిడ మాత్రం మానకుండా వచ్చేది.

ఒక సాయంత్రం ఆవిడకు కృతజ్ఞతలు చెబుదామని అందరం అనుకున్నాం. ఆవిడ బండి తోసుకుంటూ గేటు దాటి లోపలికి రాగానే బాల్కనీల్లో నిలబడి ఒక్కసారిగా చప్పట్లు కొట్టాం. ఆవిడ ఉలిక్కిపడి, బండి వెనక్కి తిప్పి, గేటు బయటకు పరుగెత్తింది.

"ఆగమ్మా! ఈ చప్పట్లు నీ కోసమే!" అని అరిచాను.

"ఎరుకనే సార్, జరుగుతున్న! ఎవరు దిగుతుండ్రు కిందికి?" అంది రొప్పుతూ.

అప్పుడు వెలిగింది నాకు. మాలో ఎవరు కిందికి దిగాల్సి వచ్చినా, ఆవిడ దూరం జరగాలని ముందుగా పైనుంచి చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ పద్ధతి మొదలుపెట్టింది నేనే.

చేతులు దించేశాను. "నీ పేరేంటమ్మా?" అని అడిగాను.

"నర్సమ్మ. పేరువెట్టి పిలిస్తే అంటుకోదు సార్," అని నవ్వింది.

మర్నాటి నుంచి పేరు పెట్టే పిలిచాను. అయినా ఇప్పటికీ ఏ సభలోనైనా చప్పట్లు మోగితే, చెత్తబండితో పరుగెత్తుతున్న నర్సమ్మే కనిపిస్తుంది. నా చేతులు పైకి లేవవు.