శవయాత్ర వెనక మజెల్లా బస్సు

కోచ్ బస్సు నడిపే పరీక్షలో మా మేనకోడలు మజెల్లా టార్పీ మూడోసారికి నెగ్గింది. కాసిల్‌బార్‌లో, వాన పక్కల నుంచి కొడుతుంటే, రెండు గోడల మధ్య సందులోకి అంత పొడుగు బండినీ వెనక్కి నడిపించి ఎక్కడా గీత పడకుండా ఆపింది. మొదటిసారి గోడని రాసుకుంది. రెండోసారి గోడ జోలికి పోలేదు గాని, పరీక్ష పెట్టే ఆయన "మీ ఆయన నేర్పించాడా?" అని అడిగితే ఈవిడ ఊరుకోలేదు. మూడోసారి నోరు మూసుకుని నడిపింది. మా టార్పీలకి బండి నడపడం కన్నా అదే కష్టం.

నేను కిల్వారన్ బళ్ళో పద్నాలుగేళ్ళ దాకా చదివినదాన్ని. మా ఇంటి ఘనతలు చెప్పేవాళ్ళలో మిగిలింది నేనే కనక నేనే చెప్పాలి. మా నాన్న పొట్టేలు జిల్లా పోటీలో కప్పు తెచ్చింది. నా సోడా రొట్టెకి మా ఊరి ప్రదర్శనలో మూడేళ్ళు వరసగా మొదటి బహుమతి వచ్చింది. నాలుగో ఏడు రుచి చూసే మనిషిని మార్చారు. మా తమ్ముడు, అంటే మజెల్లా నాన్న, ఈ చుట్టుపక్కల ఏ వేడుకకైనా అకార్డియన్ వాయించినవాడు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ పిల్ల ఒక్కతీ ఒక ఎత్తు. పిల్ల అంటున్నాను గాని దానికి నలభై దాటాయి.

చాలా ఏళ్ళు బడి బస్సు నడిపింది. పోయిన ఏడాది చివర్లో గాల్వేలోని ఒక కోచ్ కంపెనీ యజమాని ఫెర్గల్ కెర్రిగన్ దాన్ని పిలిచాడు. విదేశాల నుంచి వచ్చేవాళ్ళని ఎక్కించుకుని ఎనిమిది రోజులు తిప్పడం పని. బండీ తనే నడపాలి, కబుర్లూ తనే చెప్పాలి. "ఒక వేసవి చూస్తాను. ఫిర్యాదు రాకపోతే ఉండిపోతావు, వస్తే వెళ్ళిపోతావు" అన్నాడు. ఇది బడి బస్సు వదులుకుని వెళ్ళింది. బడివాళ్ళు వారం తిరక్కుండానే ఆ సీట్లో వేరే మనిషిని కూర్చోబెట్టారు. వెనక్కి రావడానికి చోటు లేదన్నమాట.

కబుర్ల మాటకొస్తే దాన్ని మించినవాళ్ళు లేరు. కాషెల్ గుట్ట మీద ఏ రాజు ఏ ఏడు పట్టం కట్టుకున్నాడో అది తప్పు చెప్పవచ్చు. కింద పచ్చికలో మేస్తున్న గొర్రెలది ఏ జాతో మాత్రం తప్పు చెప్పదు. కిల్కెన్నీ కోట దగ్గర ప్రభువుల సంగతి తొందరగా ముగించి, ఆ ఎదురు వీధిలో రొట్టెల కొట్టు పెట్టిన ఆడమనిషి ముగ్గురు అన్నదమ్ములతో ఎలా నెగ్గుకొచ్చిందో చెబుతుంది. ఒకసారి నేను కూడా వెనక సీట్లో కూర్చుని వెళ్ళాను. కెనడా దంపతులు కోటకి వీపు పెట్టి ఆ కొట్టుకి ఫొటో తీసుకున్నారు.

ఇక జూన్‌లో జరిగింది చెబుతాను. నేనక్కడ లేను. కొంత మజెల్లా చెప్పింది, కొంత ఆ చనిపోయినాయన చెల్లెలు తర్వాత నాకు ఫోన్ చేసి చెప్పింది.

క్లేర్‌లో మిల్‌టౌన్ మాల్బే దాటాక, సముద్రం పక్క సన్న రోడ్డు. మజెల్లా బస్సుకి ముందు ఒక శవయాత్ర తగిలింది. శవపేటికని మోసే నల్ల బండి నడక వేగాన పోతోంది. వెనక నడిచే జనం పదిమంది కూడా లేరు. ఆ మధ్యాహ్నం బళ్ళని షానన్ నది దాటించే పెద్ద పడవ అందుకుంటేనే రాత్రి భోజనానికి కిల్లార్నీ చేరేది. పాత పాలకేంద్రం దగ్గర రోడ్డు వెడల్పయింది. నల్ల బండి తోలేవాడు పక్కకి జరిగి, వెళ్ళిపొమ్మని చెయ్యి కూడా ఊపాడు.

ఇది వెళ్ళలేదు. ఇంజన్ ఆపేసింది.

"ఏమైంది?" అని వెనక నుంచి ఒకాయన అడిగాడట.

"ఆయన ముందు బయల్దేరాడు. దాటిపోకూడదు" అంది మైకులో. "మా దగ్గర అలాంటప్పుడు దిగి నాలుగడుగులు వేస్తాం. ఇష్టమున్నవాళ్ళు రండి, లేనివాళ్ళు కూర్చోండి, తప్పేం లేదు. ఇంటివాళ్ళతో చెయ్యి కలిపి, మీకొచ్చిన కష్టానికి చింతిస్తున్నాం అనండి. అంతకు మించి ఒక్క ముక్క కూడా వద్దు."

బస్సు బస్సంతా దిగింది, ఒక్క జంట తప్ప. ముప్పై మంది పైచిలుకు రంగురంగుల వాన కోట్లు తొడుక్కుని శవపేటిక వెనక సమాధుల తోట దాకా నడిచారు. చనిపోయినాయన పాకీ హెహిర్. పెళ్ళి లేదు. కొండ మీద పది ఆవులతో ఒంటరిగా బతికాడు. చెల్లెలు నోరా ఒక్కతే గేటు దగ్గర నిలబడి అందరి చేతులూ అందుకుంది. ఒహాయో నుంచి వచ్చిన పెద్దమనిషి చెప్పమన్న మాట చెప్పి, అలవాటు చొప్పున "మీ ఇల్లు చాలా బాగుంది" అని కూడా అన్నాడట, సమాధుల తోట చూస్తూ.

"చూడమ్మాయ్, పాకీ నాకెప్పుడూ చెప్పలేదు, ఇంతమంది స్నేహితులున్నారని" అంది నోరా మజెల్లాతో.

మజెల్లా కాదనలేదు. "తక్కువ మాట్లాడే మనిషి కదండీ" అంది.

ఆ తర్వాత నోరా వదులుతుందా. ఊరి హాల్లో టీ, హామ్ శాండ్‌విచ్‌లు, పళ్ళ కేకు. తినకుండా వెళితే పాకీకి అవమానం అంది. ఒక పడవ పోయింది, తర్వాతి పడవలో చోటు లేదు. శవయాత్ర కోసం ఆగానని మజెల్లా కెర్రిగన్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. కిల్లార్నీ చేరేసరికి హోటల్ వంటిల్లు మూసేశారు.

బస్సు దిగని ఆ జంట ఫిర్యాదు చేసింది. వాళ్ళని నేను తప్పుపట్టను. ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి, దిగలేడు. ఆ రాత్రి వాళ్ళ పెళ్ళిరోజు విందు, ముందే చెప్పి ఏర్పాటు చేయించుకున్నది. పాపం, చాక్లెట్ తిని పడుకున్నారు.

కెర్రిగన్ రమ్మన్నాడు. నేనూ వెళ్ళాను, మంచి కోటు వేసుకుని. బయట కుర్చీలో కూర్చోబెట్టారు గాని, మధ్యనున్నది చెక్క గోడ. అన్నీ వినపడ్డాయి.

"కూర్చో మజెల్లా."

"ఫరవాలేదండీ, నిలబడతాను."

కాగితాలు జరిపిన చప్పుడైంది. తర్వాత కెర్రిగన్ గొంతు తగ్గింది. "ఎవరు పోయింది?"

"పాకీ హెహిర్ అనీ, మల్లాగ్ వైపు."

"పశువుల వ్యాపారం హెహిర్లా?"

"కాదండీ, కొండ మీద హెహిర్లు."

"ఆహా. ఏమైంది పాపం?"

"ఊపిరితిత్తులు. చలికాలం నుంచీ మంచంలోనే ఉన్నాడట."

"దేవుడు చల్లగా చూడాలి. జనం వచ్చారా?"

"మేం దిగి కలిశాక జనం అయ్యారండీ."

అప్పుడు గాని అసలు సంగతికి రాలేదు. ఫిర్యాదు చదివాడు. కంపెనీ పేరు ఏం కావాలి అన్నాడు. చివరికి, "సరే, జరిగింది జరిగింది. ఇకమీదట ముందు శవయాత్ర కనిపిస్తే దాటుకుని పోతానని మాటివ్వు. ఈ ఫిర్యాదు ఇక్కడితో మర్చిపోతాను" అన్నాడు.

"ఇవ్వలేనండీ."

"ఒక్క మాటే కదా అడుగుతున్నాను."

"ఇస్తే నిలబెట్టుకోవాలి కదండీ. నిలబెట్టుకోలేను."

బల్ల మీద తాళాలు పెట్టిన చప్పుడు నాకు వినపడింది.

కారెక్కాక నేను తిట్టాను. "ఒక్క అవును అంటే నీ సొమ్మేం పోయేదే? నేనైతే అవునండీ అనేదాన్ని, మళ్ళీ ఆగేదాన్ని."

"అందుకే అత్తా, నీకు ఆవుల్ని తప్ప ఏదీ తోలనివ్వలేదు ఎవరూ" అంది. నవ్వుదామని చూసింది.

ఆ నెలంతా చూడాలి దాని ముఖం. పొద్దున్నే లేస్తుంది, దూడలకి పాలు పడుతుంది, గేటు దగ్గర నిలబడి పోయే ప్రతి బస్సుకీ వేలెత్తి పలకరిస్తుంది. స్టీరింగ్ మీంచి వేలెత్తి ఎదురు బండిని పలకరించడం ఇక్కడి డ్రైవర్ల అలవాటు, స్టీరింగ్ చేతిలో లేకపోయినా దానికది పోలేదు. రాత్రి వాన్ నడిపే పని ఏదో ఉందని పేపర్లో గుర్తు పెట్టుకుంది. మనుషుల్ని ఎక్కించుకోవడం పోయి కోడిగుడ్లు ఎక్కించుకోవడం అన్నమాట. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండటం నాకు ఎంత కష్టమో పైన చెప్పాను.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం వాకిట్లో కారాగింది. కెర్రిగన్. వచ్చి కుర్చీలో కూర్చుని, ఈ ఏడు గడ్డి కోత ఎలా ఉందన్నాడు. బాగానే ఉందన్నాను. వాన ఇంకా ఉంటుందా అన్నాడు. ఉంటుందన్నాను. నా రొట్టె రెండు ముక్కలు తిన్నాడు, బహుమతుల సంగతి చెప్పాను, మూడో ముక్క కూడా తిన్నాడు. రెండో కప్పు టీ చల్లారాక గాని నోరు విప్పలేదు.

"డీలియా గారూ, మీ అమ్మాయి నా నిద్ర చెడగొట్టిందండీ."

"ఏం చేసిందేమిటి, ఇంట్లోనే ఉంది కదా" అన్నాను.

"నా డ్రైవర్లందర్నీ పిలిచి అడిగాను. శవయాత్ర ఎదురైతే దాటుతారా అని. అందరూ బూట్లు చూసుకుంటారు. చివరికి కోల్మన్ చెప్పాడు, నా దగ్గర అందరికన్నా పాతవాడు. 'ఎప్పుడూ దాటలేదయ్యా. ఆగిపోయి, టైరు పంక్చరైందని ఫోన్ చేసేవాళ్ళం' అన్నాడు. మిగిలినవాళ్ళు తలలూపారు. నేనేమో ఇన్నేళ్ళూ టైర్లమ్మే వాడితో పోట్లాడుతున్నాను, నాసిరకం ఇస్తున్నావని."

మజెల్లా గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో దూడపాల బక్కెట్టుతో. "మరి మీరు నడిపే రోజుల్లోనండీ?" అని అడిగింది.

కెర్రిగన్ కప్పులోకి చూశాడు. "నాకూ పంక్చర్లయ్యేవిలే" అన్నాడు.

నేను నవ్వలేదు. అతిథి కదా. టీ పోసే వంకన అటు తిరిగాను.

"ఉన్నదున్నట్టు ఫోన్‌లో చెప్పింది నువ్వొక్కదానివే" అన్నాడు దానితో. "అలా చెప్పినదాన్ని ఇంట్లో కూర్చోబెట్టి, పంక్చర్లవాళ్ళకి జీతాలిస్తున్నాను. సెప్టెంబర్ ప్రయాణం నీదే. క్లేర్ రోజున అరగంట ఖాళీ పెట్టించాను. ఎందుకని మనవాళ్ళెవరూ అడగరు. ఎవరూ పోకపోతే ఎక్కడైనా టీ తాగండి. ఎవరైనా పోతే, దిగలేని వాళ్ళకి ముందు హోటల్‌కి ఫోన్ చేసి భోజనం అట్టేపెట్టించు. అది నువ్వు చెయ్యలేదు. ఆ తప్పు నీదే."

"నాదేనండీ" అంది మజెల్లా. "వేసవి అయ్యాక?"

"ఉంటావు."

అది బక్కెట్టు కింద పెట్టింది. చేతులు తుడుచుకుని, అతనికి ఇంకో ముక్క రొట్టె కోసింది. అంత మందం ముక్క నేనైతే కొయ్యను.

ఇప్పుడది ఆ ప్రయాణం మీదే ఉంది. నిన్న కాషెల్ నుంచి ఫోన్ చేసింది. ఈసారి నార్వేవాళ్ళట, వానకి చలించడం లేదట, ఒకావిడ నా రొట్టె ఎలా చేస్తారో అడిగిందట. క్లేర్‌లో ఎవరూ పోలేదు. ఆ అరగంటా వీళ్ళని నోరా హెహిర్ ఇంటికి తీసుకెళ్ళిందట, టీకి. కిల్కెన్నీ, తర్వాత డబ్లిన్, ఆ తర్వాత గాల్వేలో బస్సు అప్పగించి ఇంటికొస్తుంది. వచ్చేది సెప్టెంబర్ ఇరవై ఏడు, శనివారం.