నేను కొట్టేసిన వాక్యం

నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. కొన్నేళ్ల కిందట మా కంప్యూటర్స్ లెక్చరరు, నేను కలిసి ఒక పని మొదలుపెట్టాం. పల్నాడు ఆడవాళ్లు పనిపాటల్లో పాడుకునేవి రికార్డు చేసి, వాటిని అక్షరాల్లో పెట్టి, ఏ పాట ఏ ఊరిదో మ్యాపు మీద చూపించే వెబ్‌సైట్ తయారుచేయాలని అనుకున్నాం. పాటల సంగతి నాది, సాఫ్ట్‌వేర్ సంగతి ఆయనది. ఊళ్లు తిరిగి పాటలు తెచ్చేది విద్యార్థులు.

వాళ్లలో ఒకమ్మాయిది పిడుగురాళ్ల. ఫైనలియర్ కంప్యూటర్స్. తల్లి సున్నపు బట్టీలో పనిచేస్తుంది. అమ్మమ్మ కూడా ఓపిక ఉన్నన్నాళ్లూ క్వారీలో రాళ్లు కొట్టింది.

"మా అమ్మమ్మకి చానా పాటలొచ్చు మేడం. కాకపోతే కొత్తోళ్ల ముందు నోరు తెరవదు," అంది ఒకరోజు.

నేనూ ఆ అమ్మాయీ కలిసి వెళ్లాం. మొదటి రెండుసార్లూ ఆ ముసలామె నాతో వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి పంపించింది. మూడోసారి నాట్ల పాటలు రెండు పాడింది. తర్వాత గోడవైపు తిరిగి కూర్చుని ఇంకొకటి అందుకుంది. అది పాట కాదు, శోకం. క్వారీలో రాయి మీద పడి చనిపోయిన తన పెద్దకూతురి మీద తనే కట్టుకున్నది. బిడ్డ జడ గురించి, ఆ పొద్దున తినకుండా వదిలేసిన అన్నం గురించి, రాయి జరిపాక కనిపించిన గాజుల గురించి ఉంది అందులో. మనవరాలు తల దించుకుని వింటోంది. రికార్డు చేస్తున్న ఫోన్ నా చేతిలో ఉంది.

అయిపోయాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇది దాంట్లో పెట్టమాక అమ్మా," అంది. పెట్టనని నేను తల ఊపాను.

మాటల్ని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కి మా పల్నాడు మాట సరిగా అందదు. 'ఏంది' అంటే 'ఎండి' అని రాసుకునేది. ఆమె చివర అన్న 'పెట్టమాక'ని 'పెట్టు మాకు' అని రాసింది. ఆ అమ్మాయి ప్రతి తప్పూ ఓపికగా దిద్ది, ఆ చివరి వాక్యాన్ని కూడా సరిచేసి నాకు పంపింది. 'ఇది దాంట్లో పెట్టమాక అమ్మా.' స్పష్టంగా ఉంది.

దాన్ని నేను కొట్టేశాను. రికార్డింగ్‌లో కూడా ఆ మాటకి ముందే కత్తిరించమని కంప్యూటర్స్ సారుకి చెప్పాను. ఆయన వేరే జిల్లావాడు, 'పెట్టమాక' అంటే పెట్టొద్దని ఆయనకి తెలియదు. శోకం అక్కడితో అయిపోయిందనే అనుకున్నాడు. పేరు వేయడం లేదుగా, ఎవరికి తెలుస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, మేము సేకరించిన వాటన్నిటిలో అంత గొప్పది ఇంకొకటి లేదు. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

కాలేజీలో సెమినార్ పెట్టినప్పుడు దాన్నే వినిపించాను. కంప్యూటర్ దగ్గర కూర్చున్నది ఆ అమ్మాయే. ఫైలు పేరు చదివి నావైపు చూసింది. నేను "పెట్టమ్మా" అన్నాను. పెట్టింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. చివర్న చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కొట్టలేదు.

అదే రోజు దాన్ని వెబ్‌సైట్‌లో కూడా పెట్టాం. వారం తిరక్కుండానే ఆ లింకు పిడుగురాళ్లలో ఫోన్‌లన్నిటికీ చేరింది. వాళ్ల వీధి టీకొట్టు దగ్గర ఎవరో పెద్దగా పెడితే, పాలకని వెళ్లిన ముసలామె తన శోకం తానే వింది. ఇంటికొచ్చి మనవరాలిని పట్టుకుని, "ఏమే, నా బిడ్డ చావుని బజార్లో పెట్టావంటే?" అని ఏడ్చిందట. ఆ అమ్మాయి నా పేరు చెప్పలేదు. తనే చేశానంది. ఈ సంగతి తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేసి చెబితే తెలిసింది.

మర్నాడే వెళ్లాను. ముసలామె కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. తప్పు మనవరాలిది కాదని, నాదని చెప్పాను. ఆమె ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది.

"చదువుకున్నోళ్లు గదా," అంది. "పెట్టమాక అంటే ఏందో మీకు తెలవకపోద్దా?"

తిట్టి ఉంటే తేలికపడేదాన్నేమో. లేచి వచ్చేటప్పుడు గుమ్మందాకా వచ్చి, బస్సుకి వేళయిందని గుర్తుచేసింది కూడా.

శోకాన్ని వెబ్‌సైట్ నుంచి తీసేశాం. ఫోన్‌లలోకి వెళ్లినదాన్ని ఎవరూ తీయలేరు. జరిగింది చెప్పినప్పుడు కంప్యూటర్స్ సారు కోప్పడలేదు. "నాకొక్క మాట చెప్పాల్సింది మేడం," అన్నాడంతే. ఆ తర్వాత మేమిద్దరం కలిసి ఏ పనీ చేయలేదు. ఆ అమ్మాయి పరీక్షలు రాసింది కానీ మా గదికి మళ్లీ రాలేదు. పాటలు సేకరించినవాళ్ల జాబితాలోంచి తన పేరు తీసేయమని ఒక్క మెసేజ్ పెట్టింది.

మొన్నామధ్య మాచర్ల వెళ్తూ పిడుగురాళ్ల బస్టాండులో ఆ అమ్మాయిని చూశాను. ఏదో ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తోందట. మర్యాదగానే పలకరించింది.

"అమ్మమ్మ ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది మేడం. తిరుగుతానే ఉంది." సంచి భుజానికి తగిలించుకుంటూ అంది. "పాడటం మానేసింది. పనిలో ఉన్నప్పుడు కూడా."

 ఆ అమ్మాయి బస్సొచ్చింది. ఎక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.