ఈగల పురిటింటిని వేయించి తిన్న ఫిలొమేన

మా తోడికోడలు ఫిలొమేన గురించి రాయాలంటే ముందు ఒక మాట రాసి తీరాలి. ఇటలీ ఉత్తరపు కొసనున్న మా దక్షిణ టిరోల్ కొండవాలు మీద, మా పందిళ్ళకి ఇవాళ ద్రాక్ష వేలాడుతోందంటే అది ఆవిడ చలవే. కాదనేవాళ్ళుంటే నా ఎదురుగా వచ్చి అనమనండి.

ఆవిడ పుట్టింది పై లోయలో. అక్కడ ఆవులే గాని ద్రాక్ష తీగ కనిపించదు. కోడలిగా దిగివచ్చిన రోజునే మా అత్తగారు అడిగేసింది.

"పాలు పిండే చేతులు ద్రాక్ష కోస్తాయటే?"

"పాలు విరక్కుండా చూసుకున్నదాన్ని, పండు పులవకుండా చూసుకోలేనా అత్తయ్యా?" అంది ఫిలొమేన.

ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాటే ఆవిడకు పరీక్ష పెట్టింది.

మా మరిది లూయిస్ పోయాక ఆ పాత ఎర్ర ద్రాక్ష పందిళ్ళను ఆవిడ ఒక్కతే చూసుకునేది. మా మామగారి తండ్రి నాటిన తీగలవి. ఒక ఏడు కోతల ముందు వాన పట్టుకుని వదల్లేదు. వానతోపాటు ఎర్రకళ్ళ చిన్న ఈగ దిగింది. మామూలు ఈగైతే కుళ్ళిన పండు వెతుక్కుంటుంది. దీనికి ఆ సిగ్గు కూడా లేదు. నిగనిగలాడే పండునే రంపం పెట్టినట్టు కోసి లోపల గుడ్లు పెడుతుంది. నాలుగు రోజులు తిరిగేసరికి గుత్తి గుత్తంతా కారిపోయి పుల్లటి వాసన. మా ద్రాక్ష కొనే సహకార సంఘం వాకిట్లో వాసన చూసి బండిని వెనక్కి పంపేశారు. ఊరంతా చూస్తుండగా ఆవిడ ట్రాక్టరు తిప్పుకుని వచ్చింది. ఏడవలేదు. నేనైతే ఏడ్చేదాన్ని.

భూమి ఉమ్మడిది, పెద్దవాడు నా మొగుడు సెరాఫిన్. ఆ రాత్రి భోజనాల దగ్గర తేల్చేశాడు.

"ఇంకొక్క ఏడు చూస్తా. మళ్ళీ ఇలాగే అయిందో, తీగలు పీకించి ఆపిల్ పెట్టిస్తా. లేదా గట్టి మందు కొట్టు."

"కోతల ముందు మందు కొట్టి ఆ పళ్ళు ఎవరి నోట్లో పెడతారు బావగారూ? నా తేనెటీగలేం పాపం చేశాయి?" అంది ఫిలొమేన. అని ఊరుకుంటే ఆవిడ ఫిలొమేన ఎందుకవుతుంది!

సీసాలకు చిన్న చిన్న చిల్లులు పొడిచి, కాస్త వెనిగరు, కాస్త వైను పోసి పందిళ్ళకు కట్టింది. పంట పోయాక ఇదేం పనని నేనే ఎగతాళి చేశాను. పై వరుసల సీసాల్లో ఒకటీ అరా ఈగలు పడ్డాయి. వాగు వైపు సీసాలు మాత్రం నల్లగా నిండిపోయాయి. ఆవిడ తిన్నగా వాగు గట్టుకి వెళ్ళింది. అక్కడ హోలర్ పొదలున్నాయి. వేసవి మొదట్లో తెల్లటి గొడుగుల్లాంటి పువ్వులు, వేసవి చివర నల్లటి బుల్లి పళ్ళు. మిగిలిన పళ్ళు గుప్పెడు నలిపి తెచ్చి నా ముందు పెట్టింది. తెల్లటి పురుగులు కదులుతున్నాయి.

"చూశావా అక్కా? పిల్లల్ని ఇక్కడ పెంచుకుని భోజనానికి మన పందిట్లోకి వస్తున్నాయి."

"ఇంకేం, నరికేస్తా," అని సెరాఫిన్ రంపం పట్టుకుని బయల్దేరాడు.

మా వైపు మగవాడు హోలర్ చెట్టు ముందు టోపీ తీయకుండా పోడు. అందులో ఒక ముసలమ్మ ఉంటుందంటారు. చెట్టు నరికినవాడి ఇంట్లో చావు తప్పదట. మా ఆయన కాసేపటికే తిరిగొచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"ఏమయ్యా, చెట్టు కొట్టావా, దండం పెట్టుకొచ్చావా?" అన్నాను.

"రంపం మొద్దుబారింది."

"రంపమా, నువ్వా?"

ఫిలొమేన నవ్వలేదు. "నరకొద్దు బావగారూ. తినేద్దాం."

"దేన్నే?"

"పువ్వుని. పువ్వు లేకపోతే కాయ లేదు. కాయ లేకపోతే ఈగకి పురిటిల్లు లేదు."

హోలర్ పువ్వు వేయించుకు తినడం మాకు కొత్త కాదు, కాకపోతే ఇంటికో పళ్ళెం, అంతే. మరుసటి వేసవి మొదట్లో ఆవిడ ఆదివారం ప్రార్థన కాగానే ఊరందరినీ వాగు గట్టున కూర్చోబెట్టింది. మగవాళ్ళు నిచ్చెనలెక్కి కోశారు. మేం కాడ పట్టుకుని గొడుగును పిండిలో ముంచి నూనెలో వేశాం, పైన చక్కెర చల్లాం. తినగా మిగిలింది పానకం కాచాం. పొరుగింటి ఒటిలియె పొట్ట పట్టుకుంది.

"ఇంకొకటి తిన్నానంటే నా చెవుల్లోంచి పూస్తాయే!"

"పూస్తే అవీ కోస్తా. ద్రాక్ష కావాలంటే నమలండి," అంది ఫిలొమేన.

ఊరి దారిలో ఉన్న చిన్న ప్రార్థన గుడి పక్కనున్న పొద ఒక్కటే వదిలేసింది. అది కాయ కట్టగానే పాత కిటికీ తెరలు కలిపి కుట్టి, ఈగ దూరకుండా నిలువునా కప్పి అడుగున బిగించింది.

"చెట్టుకి పెళ్ళి చేస్తున్నావా ఏంటి?" అన్నాడు సెరాఫిన్.

"లోపలి ముసలమ్మకి దోమతెర బావగారూ. ఆవిడ పళ్ళు ఆవిడకుండాలి. లేకపోతే కోపం మీమీదే, రంపం పట్టింది మీరు కదా!"

సంఘం సలహాదారు చెప్పిన పనులు కూడా ఒక్కటీ వదల్లేదు. పందిరి కింద గడ్డి పొట్టిగా కోసింది. గుత్తుల చుట్టూ ఆకు గిల్లి గాలీ ఎండా తగిలేలా చేసింది. రాలిన పండల్లా ఏరి, సంచిలో మూతి బిగించి ఎండలో పడేసింది. ఈగ అసలు రాలేదని నేను అబద్ధం రాయను. వచ్చింది, కానీ తప్పిపోయిన చుట్టంలా అక్కడొకటి ఇక్కడొకటి. అది ముట్టిన పండును కత్తెరతో కత్తిరించి పారేసేది.

కోతల రోజున సంఘం వాకిట్లో నేనూ నిలబడ్డాను. అక్కడి పెద్ద ఒక గుత్తి తీసి ముక్కు దగ్గర పెట్టాడు. బండి అడుగు నుంచి ఇంకోటి లాగాడు. ఒక పండు కొరికాడు. ఫిలొమేన ముఖంలో కండరం కదల్లేదు గాని, నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది.

"దించమ్మా," అన్నాడాయన. "మొత్తం దించు."

ఖాళీ బండి ఆవిడే నడిపింది, పక్కన సెరాఫిన్, వెనకాల నేను. గుడి దగ్గరకొచ్చేసరికి మా ఆయన టోపీ తీశాడు.

"చెట్టుకేనా బావగారూ?" అంది ఫిలొమేన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ముందు చూసి నడుపు," అన్నాడు.

చెట్టు దాటి చాలా దూరం వచ్చాం. ఇల్లు చేరేదాకా ఆయన టోపీ ఒళ్ళోనే ఉంది. ఆపిల్ మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.