మందిరంలో మా మామ చెప్పిన పేరు

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా మామ చనిపోయారు. ఇక చేసేదేమీ లేదని నెల్లూరు ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేశాక ఆయన ఎక్కువ రోజులు ఉండలేదు. సోమవారం భూస్థాపన జరిగింది. పాస్టరు గారు ఆయన్ని నమ్మకమైన సంఘపెద్ద అన్నారు. రొయ్యల గుంటల యజమాని లేచి, ఇన్నేళ్ళలో ఒక్కనాడూ కాపలా ఎగ్గొట్టని మనిషి అన్నాడు. బంధువులు ఆయన మంచితనం గురించి చాలా చెప్పారు. అన్నీ నిజాలే. కానీ నాకు ఒళ్ళు మండింది. ఆయన చేసిన అన్నిటికంటే కష్టమైన పని ఒకటుంది, దాని ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఎలా ఎత్తుతారు? ఆ పని చేసినందుకు ఆయన్ని ఏళ్ళ తరబడి సాధించినవాళ్ళే సగం మంది అక్కడ కూర్చుని ఉన్నారు.

అందుకే నేను రాస్తున్నాను. నేను ఆయన కోడల్ని. మా ఊరి అంగన్‌వాడీలో టీచరుగా చేస్తాను. మాది తోటపల్లి గూడూరు దగ్గర, సముద్రానికి ఇవతల, వరి మళ్ళూ రొయ్యల గుంటలూ కలిసిపోయిన ఊరు.

మా ఆయన కృష్ణపట్నం పోర్టులో పనికి పోయేవాడు. ఒక రోజు డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. అప్పుడు నా కడుపులో బిడ్డ ఉన్నాడు. శవం ఇంట్లో ఉండగానే ఆడవాళ్ళు నా పొట్ట మీద చెయ్యి వేసి ఏడ్చారు. "మగబిడ్డే పుడతాడు, వాడే మళ్ళా వస్తాడు, వాడి పేరే పెట్టుకుందాం" అన్నారు. అది ఓదార్పు అనుకున్నారు పాపం. పుట్టని బిడ్డకు పోయినవాడి పేరు అప్పుడే ఖాయమైపోయింది. నన్ను అడిగిన వాళ్ళు లేరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేము విశ్వాసులమే గానీ కొన్ని పాత అలవాట్లు మమ్మల్ని వదల్లేదు. మా ఇళ్ళల్లో భార్య భర్త పేరు పలకదు. పెళ్ళయిన నాటి నుంచి నేను మా ఆయన్ని "ఏమయ్యా" అనే పిలిచాను. ఇప్పుడు ఇది రాస్తున్నా ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మరి అదే పేరు నా కొడుక్కి పెడితే? వాడిని అన్నానికి ఎలా పిలవాలి? అల్లరి చేస్తే ఏమని తిట్టాలి? పోనీ అలవాటు మానుకుని పిలుస్తాను అనుకుందాం, పిలిచిన ప్రతిసారీ ఆ లారీ నాకు గుర్తు రాదా?

ఈ మాట మా అత్తతో అన్నాను. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది: "నువ్వు పిలవబాకలే. మేం పిలుచుకుంటాం."

కన్నది నేను, పిలుచుకునేది వాళ్ళు.

మగబిడ్డే పుట్టాడు. ఆస్పత్రిలో నర్సమ్మ బిడ్డను చేతికివ్వగానే అత్త ఆ పేరు పెట్టి పిలిచి, మొహం మీద మొహం పెట్టి ఏడ్చింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే పేరు. "ముక్కు వాడిదే", "చెవులు వాడివే", "వాడు నిద్దరపోయినా అంతే, నోరు తెరుచుకుని". నా బిడ్డను నా బిడ్డగా చూసిన కళ్ళు ఒక్క జత కూడా లేవు. పెద్దోడి చొక్కా తెచ్చి పసివాడికి తొడిగినట్టుంది వాళ్ళ యవ్వారం. అది తొడుక్కుని వాడు జీవితమంతా ఎలా నడుస్తాడు అని నాకు ఒకటే దిగులు. ఆ దిగుల్లోనే వాడికి కిశోర్ అని పేరు అనుకున్నాను. ఎందుకంటే మా రెండు కుటుంబాల్లో ఆ పేరు ఎవరికీ లేదు. మా సమాధుల తోటలో ఏ సిలువ మీదా ఆ పేరు లేదు. నాకు కావలసింది అంతే.

మామకు చెప్పాలంటే భయం. ఆయన అరిచే మనిషి కాదు, అదే భయం. ఏ కష్టమైన మాట వచ్చినా "ఉండు, గుంట చూసొస్తా" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవారు. పెళ్ళి సంబంధమైనా, అన్నదమ్ముల తగాదా అయినా ముందు గుంట చూసి రావలసిందే. రొయ్యలు ఈయన సలహాదారులని మా ఆయన ఎగతాళి చేసేవాడు. నేను ధైర్యం చేసి, "మామా, ఆ పేరు వద్దు. కిశోర్ అని పెట్టుకుంటా. ఆ పేరు వింటే నేను బతకలేను" అన్నాను. ఆయన బిడ్డ వైపు చూశారు. "ఉండమ్మాయ్, గుంట చూసొస్తా" అన్నారు. వెళ్ళి వచ్చారు, అన్నం తిన్నారు, పడుకున్నారు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఆ ఊసు ఎత్తలేదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

మా మందిరంలో పసిబిడ్డను దేవుడికి అప్పగించి పేరు పెట్టే ప్రతిష్ఠ రోజున తండ్రి వైపు పెద్దవాడు బిడ్డను ఎత్తుకుని ముందుకు వెళ్తాడు. ఏ పేరు పెడుతున్నారని పాస్టరు గారు అడుగుతారు. బిడ్డను ఎత్తుకున్న పెద్దవాడు అందరికీ వినపడేలా చెప్పాలి. అక్కడ పలికిన పేరే పేరు, మళ్ళీ మార్చడం ఉండదు. ఆ ఆదివారం మందిరం నిండిపోయింది. మా ఆడబిడ్డ కావలి నుంచి పెద్ద కేకు చేయించుకుని వచ్చింది, దాని మీద తమ్ముడి పేరు రాయించింది. అత్త ముందే వెళ్ళి పాస్టరు గారికి ఆ పేరు చెప్పి వచ్చింది. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని తల వంచుకున్నాను.

"ఈ బిడ్డకు ఏ పేరు పెడుతున్నారు?"

"కిశోర్" అన్నారు మామ.

పాస్టరు గారు తడబడ్డారు. ఆయనకు చెప్పిన పేరు అది కాదు. పొరబాటున అన్నారేమో అని మళ్ళీ అడిగారు. మామ ఇంకాస్త గట్టిగా, "కిశోర్ అండీ, మా మనవడి పేరు కిశోర్" అన్నారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెనక ఆడబిడ్డ. ప్రార్థన జరుగుతుండగానే బయటి నుంచి ఏడుపు వినపడుతూనే ఉంది. నేను సంతోషించానా అంటే, లేదు. కొడుకు పోయిన తల్లి ఏడుపు విని ఎవరు సంతోషిస్తారు? కానీ నాకు ఊపిరి ఆడింది.

ఆ కేకు మీద ఎవరూ కత్తి పెట్టలేకపోయారు. పోయినవాడి పేరు కోసేదెవరు? ఎండలో దాని క్రీము కారిపోయింది. చివరికి మామే డబ్బా మూత వేసి సైకిల్ మీద పెట్టుకుని గుంటల వైపు వెళ్ళిపోయారు. ఏం చేశారో నేను అడగలేదు.

తర్వాత మొదలైంది అసలు నరకం. కోడలి మాటకు కొడుకు పేరు మంటగలిపాడన్నారు. మామ తమ్ముడు మా గడప తొక్కడం మానేశాడు. బిడ్డకు కామెర్లు వస్తే పేరు వల్లే అన్నారు, పోయినవాడి ఆత్మ నొచ్చుకుందని అన్నారు. అలా అన్నవాళ్ళు ప్రతి ఆదివారం మందిరంలో ముందు వరసలో కూర్చునే వాళ్ళే! కిశోర్‌ను బడిలో వేసే రోజున కూడా అత్త బతిమాలింది: "ఇప్పుడన్నా మార్చమే, నీ కాళ్ళు పట్టుకుంటా." నేను మార్చలేదు. ఆమె వాడిని వాళ్ళ నాన్న పేరుతోనే పిలిచేది. వాడు కొన్నాళ్ళు రెండు పేర్లకూ తల తిప్పేవాడు. ఒక రోజు నేను తట్టుకోలేక పుట్టింటికి పోతానని బట్టలు సర్దుకున్నాను. మామ వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నారు.

"అమ్మాయ్, పేరు వాడిది. తిట్లు మనవి. మనం పడదాం. వాడికి తగలనీబాక" అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఇన్నేళ్ళు గడిపాను. అంగన్‌వాడీకి వచ్చే కొత్త తల్లులు, పేరు నచ్చక అత్తింటివాళ్ళు పోరు పెడుతున్నారని నా దగ్గర ఏడిస్తే, వాళ్ళకూ ఈ మాటే చెబుతాను. మీరు అనుకున్న పేరు మంచిదా కాదా అన్నది నాకు తెలియదు గానీ, బిడ్డ ముందు మాత్రం కొట్లాడుకోవద్దు అంటాను. నాకు అది నేర్పినవాడు నా మామ అని చెబితే వాళ్ళు నమ్మరు.

అయితే కొడుకు పేరు వదులుకోవడం ఆయనకు బరువు కాలేదని అనుకోవద్దు. ఒక సాయంత్రం నేను ఆయనకు అన్నం క్యారియర్ పట్టుకుని గుంటల కాడికి వెళ్ళాను. ఆయన గట్టు మీద నిలబడి ఉన్నారు. నీళ్ళ వైపు తిరిగి కొడుకు పేరు పెట్టి పిలుస్తున్నారు. పెద్దగా కాదు, పక్క మడిలో ఉన్నవాడిని అన్నానికి రమ్మన్నట్టు. పిలిచి, కాసేపు ఆగి, మళ్ళీ పిలిచారు. నన్ను చూసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఇంట్లో ఆ పేరుకు పలికే బిడ్డ ఒకడు ఉండేవాడు కదా, నా కోసం కదా అది వదులుకున్నారు అనిపించింది. "ఆ రోజు మందిరంలో ఎందుకు నా మాట నిలబెట్టావు మామా?" అని అడిగేశాను.

ఆయన గుంట చూసొస్తా అనలేదు. గుంట దగ్గరే ఉన్నాం మరి.

"నీ కోసం ఒకటే కాదులే. నా కొడుకు ఒక్కడే అమ్మాయ్. వాడికి మారు ఎవురూ లేరు" అన్నారు. క్యారియర్ తీసుకుని, "గాలి ఎక్కువగా ఉండాది, ఇంటికి పో" అన్నారు.

చివరి రోజుల్లో ఆయనకు స్పృహ వస్తూ పోతూ ఉండేది. మాటలు తగ్గిపోయాయి. అత్త మంచం పక్క నుంచి కదల్లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన పెదాలు కదులుతుంటే ఆమె చెవి పెట్టి వింది. కొడుకు పేరే పలుకుతున్నారు. ఆమె గబగబా వాకిట్లోకి వెళ్ళి కిశోర్‌ను భుజాలు పట్టుకుని లోపలికి తెచ్చింది. వాడు మూడో తరగతి. తాతను అలా చూసి బెదిరిపోయాడు.

"ఇదిగో, కళ్ళు తెరువు. నీ కొడుకొచ్చినాడు" అని ఆ పేరు చెప్పింది అత్త. తర్వాత వాడి చెవిలో, "నాయనా అని పిలువు. ఒక్కసారి పిలువురా, నీకు పుణ్యముంటాది" అని బతిమాలింది.

కిశోర్ నా వైపు చూశాడు. పోయే మనిషికి ఆ మాత్రం సుఖం కలిగితే కలగనీ అనుకున్నాను. ఇన్నేళ్ళు నేను కాపాడుకున్నది ఆ ఒక్క నిమిషం వదిలేశాను.

"నాయనా" అన్నాడు వాడు.

మామ కళ్ళు తెరిచారు. చెయ్యి లేపి వాడి నుదురు తడిమారు, చెవులు తడిమారు, చెంప మీద చెయ్యి ఆనించి ఉంచారు.

"నువ్వు కిశోరువి గదరా" అన్నారు.

తర్వాత తల వాకిలి వైపు తిప్పారు. "వాడేడీ?" అన్నారు.

అత్త నేల మీద కూలబడింది. ఆయన కళ్ళు అటే ఉండిపోయాయి. మేం ముగ్గురమూ తల తిప్పి వాకిలి వైపు చూశాం.